ఖడ్గమును లెక్క అడుగు హక్కు

పారలు, పలుగులు, గుద్దళ్లు చేయు కర్మాగారము పేర వెలసిన పేట జంషెడ్‌పూరులోని అగ్రికో. శ్రీకాకుళ విశాఖ మండలములనుండి తాతలనాడు ఉక్కుపనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఈ నగరమున అనేకము గలవు. వారి బిడ్డలలో కొందరు సైన్యమున జేరిరి. మరికొందరు బ్రతుకుతెరువు వెదకికొనుచు గల్ఫు దేశములకు బోయిరి. అందుచేత అరబ్బు దేశములలో ప్రభుత్వపద్ధతి మారెనన్న వార్త ఇచటి అరుగులమీద పరాయివార్తగా నుండదు. 2024 మే 10న కువైటు అమీరు షేక్ మిషాల్ జాతీయసభను రద్దుచేసి, రాజ్యాంగములోని కొన్ని అధికరణములను నాలుగేండ్లకు మించని కాలము నిలిపివేసిన పిమ్మట, ఆ చర్య తగునా తగదా యను ప్రశ్నతో మొదలై, సైన్యమును పోలీసును లెక్క అడుగు హక్కు ప్రజాప్రతినిధులకు గలదా, కలదేని ఎంతమేరకు అను విచారణగా పెరిగిన వాదమిది. వాదించినవారిలో ఒకరు సైన్యమున సుబేదారుగా నుండి విశ్రాంతి గైకొన్నవారు. రెండవవారు బహుకాలము చరిత్రయు పౌరశాస్త్రమును బోధించిన మాష్టారు.

సుబేదారు: మాష్టారూ, అమీరుగారు చేసిన పని కఠినమే కావచ్చును గాని అకారణము మాత్రము కాదు. ఆ దేశపు సభ్యులు మంత్రులను ప్రశ్నించుటయే వృత్తిగా బెట్టుకొనిరి. ఒక మంత్రిని సభలో నిలబెట్టి సంజాయిషీ అడుగుట, అతడు దిగిపోవుట, మరియొకడు వచ్చుట, వానినిగూడ నిలబెట్టుట. ఇదియే వారి కాలక్షేపమయ్యెను. రక్షణశాఖను, పోలీసుశాఖను ఇట్లు నిత్యము రచ్చకీడ్చిన దేశమునకు పొరుగువా రెవరో మీకు దెలియనిది కాదు. 1990 ఆగస్టు 2న ఇరాకు సేన ఆ రాజ్యమును రెండుదినములైన పట్టకుండ ఆక్రమించెను. మనవారెందరో కట్టుబట్టలతో ఇల్లుచేరిరి. కత్తి పట్టి ముందునకు బోవువానిని వెనుకనుండి పిలువరాదండీ. పిలిచితిమా, వాని చూపు శత్రువుమీదనుండి మరలును.

మాష్టారు: సుబేదారుగారూ, మీరెత్తిన తేదీయే మీ వాదమునకు అడ్డు వచ్చుచున్నది. 1986లో రద్దయిన కువైటు జాతీయసభ 1992వరకు తిరిగి కూడనేలేదు. ఆ రాత్రి ఇరాకు టాంకులు సరిహద్దు దాటినపుడు, మంత్రిని నిలబెట్టి సంజాయిషీ అడుగగల సభ ఆ దేశమున లేదు. సలహా చెప్పుటకు మాత్రము అధికారము గల మండలి యొకటి అప్పుడే ఏర్పడియుండెను. వెనుకనుండి పిలిచినవారెవరును లేరు. అయినను దేశము నిలువలేదు. ప్రశ్నలవలన సైన్యము బలహీనమగుననుట నిజమేని, ప్రశ్నలు లేని యా నాలుగేండ్లలో బలపడియుండవలెను గదా.

సుబేదారు: సభ యున్నను ఆ చిన్నదేశము అంత పెద్దసేనను ఆపజాలదు. అది వేరు మాట.

మాష్టారు: ఒప్పుకొంటిని. సభ యుండుటవలన యుద్ధము గెలువబడునని నేననను. సభ లేకపోవుటవలన గెలువబడుననుటను మాత్రము అంగీకరింపను. ఇక వారి కాలక్షేపము సంగతి. 1962నాటి కువైటు రాజ్యాంగములో 99వ అధికరణము మంత్రిని ప్రశ్నించుటకును, 100వ అధికరణము సంజాయిషీ కోరుటకును, 101వది అవిశ్వాసము ప్రకటించుటకును సభ్యునకు హక్కునిచ్చినవి. అరబ్బు దేశములలో ఇంతటి హక్కు కాగితముపైననే కాక ఆచరణమున గూడ నడచిన చోట్లు మిక్కిలి తక్కువ. 2019లో సైనికనిధి దుర్వినియోగమయ్యెనను ఆరోపణమును సాక్షాత్తు రక్షణమంత్రియే వెలిబుచ్చెను. ఆ సంవత్సరము నవంబరులో మంత్రివర్గమంతయు రాజీనామా చేసెను. నిలబెట్టి యడుగు సభ యొకటి యున్నదన్న భయము లేనిచో అట్టి మాట రాజకుటుంబముల గోడలు దాటి వెలుపలికి వచ్చియుండెడిదా?

సుబేదారు: వచ్చిన ఫలమేమి? మంత్రులు మారిరి, సభలు మారినవి, తుదకు సభయే పోయినది. ఈజిప్టును జూడుడు. అచట ఇట్టి గోల లేదు.

మాష్టారు: గోల లేదు, నిజమే. లెక్కయు లేదు. 2014నాటి ఈజిప్టు రాజ్యాంగము 203వ అధికరణమునందు, సేనలయొక్క ఆదాయవ్యయములను జాతీయరక్షణ మండలి చర్చించుననియు, దేశపు బడ్జెటులో అది యంతయు ఒకే యొక అంకెగా జూపబడుననియు వ్రాసికొనిరి. ఆ యంకెలో జీతమెంత, తిండియెంత, తుపాకియెంత, కట్టడమెంత యని విడదీసి చూచు వీలు నిండుసభకు లేదు. మండలిలో సభాధ్యక్షునకు చోటు గలదు గాని, ఆయనచుట్టు కూర్చుండువారిలో సేనానులు, గూఢచారశాఖల అధిపతులు పలువురు. మన పార్లమెంటు ముందునకు వచ్చు రక్షణశాఖ గ్రాంటుల కోర్కెలను జూడుడు, అవి నాలుగు. శాఖయొక్క పౌరవ్యయము ఒకటి, సేనల రెవిన్యూవ్యయము రెండు, ఆయుధాది మూలధనవ్యయము మూడు, పింఛనులు నాలుగు. వానిక్రింద పదార్థములవారీ పద్దులు. మీ పింఛనుగూడ అందొక పద్దు. ఆ నాలుగింటిని ఒక్క యంకెలో గలిపివేసిననాడు మీ పింఛను పెరిగెనో తరిగెనో చెప్పగలవా డెవడు?

సుబేదారు: పద్దులు పరచిరి సరే, చదివినవా డెవడు? 2018 మార్చిలో లోక్‌సభ బడ్జెటు కోర్కెలన్నింటిని చర్చ లేకుండగనే ఒక్కపట్టున కానిచ్చివేసెనని పత్రికలన్నియు వ్రాసినవి. రక్షణశాఖదిగూడ ఆ మూటలోనిదే. అడుగుటకు హక్కు గలవాడు అడుగకపోయిన, ఆ హక్కు ఉన్నను ఊడినను ఒక్కటే.

మాష్టారు: మీరు తాకిన చోటు సరియైనది. నేను దానిని కప్పిపుచ్చజాలను. కాని అదే సంవత్సరము అదే మార్చి నెలలో జరిగిన మరియొక పని గలదు. పార్లమెంటుయొక్క రక్షణశాఖ స్థాయీసంఘము ముందు సైన్యపు ఉపాధిపతి నిలిచి, మన ఆయుధసామగ్రిలో నూటికి 68 పాళ్లు కాలము చెల్లినదియు, 24 పాళ్లు నేటికాలపుదియు, 8 పాళ్లు మాత్రమే సరిక్రొత్తదియునని చెప్పెను. ఈ వాక్కు సంఘముయొక్క నివేదికలో నెక్కినది. సేనాని తన శాఖమంత్రికి వ్రాసికొనిన ఉత్తరము బీరువాలో నుండును. అదే మాట సంఘమున జెప్పినచో దేశముముందు నిలుచును. అట్లు చెప్పుట సైన్యమునకు అవమానమైనదా, లేక సహాయమైనదా?

సుబేదారు: శత్రువునకుగూడ సహాయమైనది. మన బలహీనతను మనమే అచ్చువేసి పంచితిమి. మాష్టారూ, ఈ ఊరి సంగతియే చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధమున ఇచటి టిస్కోలో కరగిన ఉక్కుపలకలతో సైన్యమునకు కవచశకటములు కట్టిరి. సైనికులు వానిని ‘టాటానగర్’ అనియే పిలిచిరి. ఆ పలక మందమెంతో నాడొక సభలో ప్రకటించియుండినచో, దానిని చీల్చుటకు ఏ గుండు చాలునో శత్రువు కూర్చున్నచోటనే లెక్కగట్టియుండును. రహస్యమనునది కొందరు పెద్దలు తమ తప్పులు కప్పికొనుటకు కనిపెట్టిన ముసుగు కాదు. లోపల గూర్చున్న నలుగురు జవానుల ప్రాణము.

మాష్టారు: ఆ నలుగురి ప్రాణముకొరకే నేనును మాటలాడుచున్నాను. పలక మందమును ప్రకటింపవలదు. ఒప్పందమున వ్రాసినంత మందము పలకకు నిజముగా ఉన్నదా లేదా యని కొలిచినవా డెవడో, వాడు అమ్మినవానికిని కొన్నవానికిని లోబడనివాడు అగునో కాదో, అది మాత్రము ప్రకటింపవలెను. మొదటిది రహస్యము, రెండవది జవాబుదారీ. ఈ రెండింటిని ఒకే మూటగట్టి ‘దేశభద్రత’ అని పైన ముద్రవేసినచోటనే కీడంతయు బయలుదేరుచున్నది. తమరు పటాలములో స్టోర్సు చూచిన దినములను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. లెడ్జరు ఎవరు తనిఖీ చేసెడివారు?

సుబేదారు: ఏటేట మా అధికారుల బోర్డు వచ్చి సరకు లెక్కించెడిది. అదిగాక రక్షణలెక్కల శాఖనుండి ఆడిటు అధికారి వచ్చెడివాడు.

మాష్టారు: అతడు సైనికుడా?

సుబేదారు: కాదు, సివిలియను. బూటు జతలు, దుప్పట్లు, జెరికానులు, ఒక్కొక్క పద్దును వ్రేలు పెట్టి చూచెడివాడు. లెడ్జరులో దిద్దినచోట సంతకము లేకున్న ఊరకొనెడివాడు కాడు. తక్కువైనదానికి లిఖితముగా కారణము చెప్పవలసియుండెడిది.

మాష్టారు: దానిని మీరు అపనమ్మకమనుకొంటిరా?

సుబేదారు: మొదట కోపము వచ్చెడిది. తరువాత తెలిసినది. లెడ్జరు సరిగా నున్నవానిపై నింద మోపుట ఎవరితరమును గాదు. కాని మాష్టారూ, అతడు దుప్పట్లు లెక్కించెను. ఏ కొండపై ఎన్ని కంపెనీలు నిలుపవలెనో నాకు చెప్పలేదు. సభ్యులు ఆగునది అక్కడ గాదు. 1959 సెప్టెంబరులో నెహ్రూగారు చైనాతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరములను శ్వేతపత్రముగా సభముం దుంచినది మొదలు, అంగుళమైన విడువరాదని సభ గర్జించుచునే యుండెను. ఆ గర్జనలకు జంకి, బలము లేనిచోట్ల ముందుముందునకు ఠాణాలు వేసిరి. 1962లో ఆ కొండలమీద చలిబట్ట చాలక, తూటా చాలక చచ్చినవాడు సిపాయి. గర్జించిన సభ్యునికి జలుబైన జేయలేదు. ఇదియేనా మీరు కోరు పర్యవేక్షణము?

మాష్టారు: కాదు. సుబేదారుగారూ, మీ మాట నా వాదమునకు వ్యతిరేకమని మీరు తలచుచున్నారు గాని, నా వాదమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము లేదు. 1959నుండి మూడేండ్లు సభ కేకలువేసెను గాని లెక్క అడుగలేదు. ఆ కొండలకు బంపిన పటాలములకు చలిబట్టలెన్ని యిచ్చితిరి, తోవ యున్నదా, మందుగుండు ఎన్నినాళ్లకు చాలును అని, తలుపు మూసిన గదిలో, కాగితములు ముందు పెట్టుకొని, సైన్యాధికారులను గూర్చుండబెట్టి అడుగదగిన సంఘము నాడు లేదు. రక్షణశాఖకు ప్రత్యేక స్థాయీసంఘము 1993లో గాని ఏర్పడలేదు. నిండుసభ గర్జించుటకు జేసిన చోటు. గది లెక్క అడుగుటకు జేసిన చోటు. గది లేని దేశమున గర్జన యొక్కటే మిగులును. కువైటు సభకు నేను జూచు లోపముగూడ నదియే. వారు మంత్రిని వేదికపై నిలబెట్టుటయందు నేర్పరులైరి. కాగితములు పరిశీలించు పని ఆ సందడిలో చిన్నబోయినది.

సుబేదారు: సంఘములు మాత్రము పరిశుద్ధములా? 1987లో బోఫోర్సు ఫిరంగుల కొనుగోలు వ్యవహారమున వేసిన పార్లమెంటు సంయుక్తసంఘము ఏమి తేల్చెను?

మాష్టారు: అది ఎందుకు తేల్చలేకపోయెనో చూడవలెను. శంకరానందుగారి అధ్యక్షతన ఏర్పడిన ఆ సంఘమున పాలకపక్షమువారే అధికులు. ప్రతిపక్షములు దానిని బహిష్కరించినవి. ఆనాడు లోక్‌సభలో ప్రతిపక్షములన్నింటిలో పెద్దది మన తెలుగుదేశమే, 30 స్థానములతో. మహబూబ్‌నగరు సభ్యులు జైపాల్‌రెడ్డిగారు జనతాపక్షమునుండి ఆ ప్రశ్నను విడువక పట్టుకొనిరి. సంఘము లోపము లేదన్న కొనుగోలులోనే లోపములున్నవని 1989 జూలైలో కంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదిక చూపగా, ప్రతిపక్షసభ్యులు మూకుమ్మడిగా రాజీనామాలిచ్చిరి. సంఘమును నడిపినది లెక్క అప్పగింపవలసినవారి పక్షమే. ఆడిటరును ఆ స్థానమునుండి తొలగించు శక్తి మాత్రము ప్రభుత్వమునకు లేదు. ఈ భేదమెరిగియే 1967నుండి ప్రభుత్వలెక్కల సంఘమునకు ప్రతిపక్షసభ్యుని అధ్యక్షుని జేయు సంప్రదాయము నెలకొన్నది. 1978-79లో మన పి.వి. నరసింహారావుగారు, ఎనిమిదవ లోక్‌సభలో కర్నూలు సభ్యులు ఏరాసు అయ్యపురెడ్డిగారు ఆ పీఠమున గూర్చున్నవారే.

సుబేదారు: తెలుగువారి మాట వచ్చినది గనుక తిరుపతి ప్రాంతపు అనంతశయనం అయ్యంగారిని మరచితిరేమి? 1948నాటి జీపుల కొనుగోలు విచారణ సంఘమునకు ఆయనయే పెద్ద. సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందము, సొమ్ములో హెచ్చుభాగము ముందుగనే చెల్లింపు, తుదకు చేరిన జీపులు 155. సంఘము చెప్పినదానిని ప్రక్కకుబెట్టి 1955లో ఆ వ్యవహారము ముగిసినదని ప్రభుత్వము ప్రకటించెను. ఆ ఒప్పందము చేసిన కృష్ణమీనను 1957లో రక్షణమంత్రియే అయ్యెను. ఇక సంఘములు వేసి ప్రయోజనమేమి?

మాష్టారు: అడిగినవారికి తుదివరకు అడుగుటకు బలము లేకపోయినదన్నమాట. దానికి మందు, అడుగుట మానివేయుట కాదు; అడిగినదానికి ప్రభుత్వము ఏమి చేసినదో గడువులోపల చెప్పితీరవలెనను నియమము. నేడు స్థాయీసంఘపు సిఫారసులకు మూడుమాసములలో ప్రభుత్వము తాను గైకొన్న చర్యను తెలుపవలెను. సంఘమున లోక్‌సభవారు 21 మంది, రాజ్యసభవారు 10 మంది. సమావేశములు రహస్యములు. దైనందిన పరిపాలనలో వేలుపెట్టుటకు నిబంధన యొప్పదు. కనుక ఏ కొండపై ఎన్ని కంపెనీలో చెప్పు పని వారిది గానేకాదు. దేశక్షేమమునకు హాని యని తోచిన కాగితమును ఇయ్యనని చెప్పుటకుగూడ లోక్‌సభ నియమావళిలోని 270వ నిబంధన ప్రభుత్వమునకు వీలిచ్చినది. మీ ఉక్కుపలక మందమునకు ఇంతకంటె కాపుదల యేమి కావలెను?

సుబేదారు: కాపుదల మన దేశమున చాలును. ఇరాకును జూడుడు. 2016 ఆగస్టులో, మోసుల్ నగరమును తిరిగి గెలుచుటకు సేన సిద్ధమగుచున్న సమయమున, ఆ సభ రక్షణమంత్రి ఖాలిద్ అల్ ఒబైదీని అవిశ్వాసముతో దింపివేసెను. అంతకుముందే ఆయన సభాధ్యక్షుని మీదను, మరికొందరు సభ్యులమీదను అవినీతి ఆరోపణలు చేసియుండెను. ప్రశ్నించువారే పగ దీర్చుకొనువారైనపుడు సిపాయి ఎవరివైపు చూడవలెను? ట్యునీసియాలో 2021 జూలై 25 రాత్రి అధ్యక్షుడు సభను స్తంభింపజేయగా, సైనికవాహనములు సభాభవనపు ద్వారము మూసినవి. వీథులలో జనము హర్షధ్వానములు చేసిరి. పోట్లాటలతో విసిగించిన సభకు జనమే తోడు నిలువలేదు.

మాష్టారు: ఒబైదీ విషయమున మీతో ఏకీభవించెదను. యుద్ధసన్నాహవేళ అట్టి తీర్మానము చేసిన సభ తన హక్కును తానే మైలపరచుకొన్నది. కాని అదే ఇరాకు సభ మరియొక పని చేసెను. 2014 జూనులో మోసుల్ నగరము ఎట్లు చేజారెనో విచారించిన సభాసంఘము, మాజీ ప్రధాని మొదలుకొని సేనానులవరకు పేర్లు వ్రాసిన నివేదికను సమర్పింపగా, 2015 ఆగస్టులో సభ దానిని న్యాయస్థానమునకు పంపెను. జీతములు మాత్రమే తీసికొనుచు పటాలములో కానరాని 50,000 నామమాత్ర సైనికులున్నారని 2014 నవంబరులో ఆ దేశపు ప్రధాని అబాదీ ఆ సభలోనే చెప్పెను. నగరమును విడిచి పారిపోయిన సేన యనిన మనకు సిపాయి పిరికితనము స్ఫురించును. హాజరుపట్టీలో పేరుండి కందకములో మనిషి లేడను నిజము లెక్క చూచినగాని బయటపడదు. నిలిచి పోరాడిన సిపాయికి ప్రక్కన నుండవలసినవాడు లేకపోయెనన్న సంగతిని అడుగువారు ఎవరైన నుండవలదా? ట్యునీసియా ప్రజల విసుగును నేను తక్కువచేయను. అయితే ద్వారము మూసిన వాహనమును ఎవరు ఎందుకు పంపిరని మరునాడు ప్రశ్నించుటకు ఆ దేశమున సభ లేకపోయెను. మరుసటి మార్చిలో అది పూర్తిగా రద్దయ్యెను. చెడ్డ సభను ఎన్నికలలో మార్చుకొనవచ్చును. మూసిన సభను మార్చుకొను మార్గమేది?

సుబేదారు: మాష్టారూ, మీ మాటలలో నేను గ్రహించినదిది. కేక వేరు, లెక్క వేరు. లెక్క అడుగువానికి కాగితము కావలెను, కాలము కావలెను, అడిగినందుకు ఊడిపోని ఆసనము కావలెను. ఈ మూడును ఉన్నచో, సైన్యమునకు కీడుగలదని నేను వాదింపను. 2017లో ఆడిటరు జనరలు 152 రకముల మందుగుండులో 61 రకములు పదిదినముల యుద్ధమునకైన చాలవని వ్రాసినపుడు మాకు సిగ్గనిపించలేదు. ఇప్పటికైన పెద్దలు వినవలెననిపించినది. కాని గూఢచారశాఖల విషయమున నేను మీ దారికి రాను. అచట ఒక్క పేరు బయటపడెనా, ఒక్క మనిషి పోవును. ఎంపిక చేసిన సభ్యులైనను సభ్యులే. వారి నాలుకకు తాళము వేయగలవా రెవరు?

మాష్టారు: అచటనే మనము విడిపోవుచున్నాము. ఇంటెలిజెన్సు బ్యూరోకు గాని, ‘రా’ కు గాని పార్లమెంటు చేసిన చట్టము నేటికిని లేదు. వానిని చూచుటకు పార్లమెంటు సంఘమును లేదు. 2011లో మనీశ్ తివారీగారు ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుని బిల్లు చట్టము కాలేదు. ఈజిప్టు సేనల ఒంటి అంకెను నేను తప్పుపట్టినపుడు, మన ఇంటిలోని ఈ మూసిన గదిని చూడకుండుట నాకు న్యాయముగా తోచదు. పేర్లు అడుగవలదు, పనులు అడుగవలదు. ప్రజల సొమ్ము ప్రజలమీదనే గూఢచర్యము చేయుటకు వాడబడుచున్నదా లేదా యన్నదొక్కటి అడుగుటకు, ప్రమాణము చేసిన నలుగురైదుగురు సభ్యులను నియమింపవలెను. కువైటులో మన పిల్లవానిని పోలీసు పట్టుకొనిపోయిననాడు, ఎందుకని అడుగగల సభ ఆ దేశమున నుండవలెనని మనము కోరుదుము. ఆ కోరికను సరిహద్దుకు ఆవలనే ఉంచి, ఈవల వదలుట ధర్మము కాదు.

సుబేదారు: నలుగురైదుగురు అనుచున్నారు, వారిని ఎన్నుకొనువా రెవరు, ప్రమాణము తప్పినవానికి శిక్ష యేమి? ఇది తేలినగాని నేను సమ్మతింపను. అది తేల్చిన చట్టము వచ్చినచో మాత్రము, అంతవరకు నేను చెప్పిన అభ్యంతరమును నేనే ఉపసంహరించుకొందును. అయితే నాదియు ఒక కోరిక గలదు. మీ సంఘములు ఉపాధిపతులను, కార్యదర్శులను మాత్రమే పిలుచుచున్నవి. చలిబట్ట చాలలేదని చెప్పవలసినవాడు చలిలో నిలిచినవాడు. కంపెనీ స్టోర్సు చూచిన హవల్దారును గూడ ఒకనాడు ఆ గదికి పిలిచి, భయములేకుండ చెప్పనిచ్చి, చెప్పినందుకు వానికి కీడు రాకుండ చూడుడు. అట్లయినచో సైన్యమే ఆ సంఘమును తనదిగా భావించును.

మాష్టారు: ఈ కోరిక నా వాదమున నుండవలసినది, మీ నోట వచ్చినది. మన పార్లమెంటు సభ్యునకు వ్రాయవలసిన ఉత్తరములో దీనిని మొదటి వాక్యముగా బెట్టుదము. చట్టమునుగూర్చిన భేదము రెండవ వాక్యమై, ఇరువురి వాదములును అందు యథాతథముగ నుండనిండు. చదివి జవాబియ్యవలసిన బాధ్యత ఆయనది. జవాబు రాకున్న మరల వ్రాయవలసిన బాధ్యత మనది.